అర కట్ట బీడీలు

“తలుపు ఏసిన, ఆపా. ఏసి, పిడి మీద చెయ్యి పెట్టి నూకి చూసిన. ఎన్నిసార్లు అడిగినా గదే చెప్త.”

గేటు క్యాబిన్‌లో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని లింబాద్రి ఈ మాట అనడం ఇది మూడోసారి. దోహా పక్కనున్న ఉమ్ సలాల్‌లోని ఆ కోల్డ్ స్టోరేజీకి అతను గార్డు. శుక్రవారం నాడు మూడో గదిలోని పశువుల టీకాలన్నీ వేడెక్కి పాడైపోయాయి. తలుపు తెరిచి వదిలేసింది లింబాద్రేనని కంపెనీ రిపోర్టు రాసి సంతకం కూడా పెట్టేసింది. ఇవాళ ఆదివారం. మధ్యాహ్నపు అసర్ నమాజు దాటగానే పోలీసు ఫిర్యాదు వెళుతుంది. అది వెళ్ళిందంటే కేసు తేలేదాకా లింబాద్రి దేశం దాటలేడు. జైలుకు పోయినా ఆశ్చర్యం లేదు.

ఎదురుగా కూర్చుని, అతనిచేత అక్కా అన్నట్టు ‘ఆపా’ అనిపించుకుంటున్న షమ్సున్నీసా ఇన్సూరెన్స్ వాళ్ళు పంపిన సర్వేయర్. నష్టం ఎలా జరిగిందో తేల్చడం ఆవిడ పని. అల్ మన్సూరాలో ఆఫీసు, చేతిసంచీలో పాత లాప్‌టాప్, యాభై దాటిన వయసు, ఎవరి మాటా మొదటిసారికే నమ్మని స్వభావం. డిటెక్టివ్ మేడమ్ అని ఎవరైనా వేళాకోళం చేస్తే కసురుకుంటుంది గానీ, ఆ పిలుపు ఆవిడకు లోలోపల ఇష్టమే.

“నూకి చూసిన” అన్న ఒక్క మాటకే ఆవిడ మనసు కోరుట్ల వెళ్ళి వచ్చింది. దోహా చేరి ఇన్నేళ్ళయినా ఆ యాస వింటే ప్రాణం లేచి వస్తుంది. అలాగని ఆ యాస పలికిన ప్రతివాడూ నిజమే చెబుతాడని లేదు కదా. అందుకే గొంతు కాస్త గట్టి చేసుకుంది.

“శుక్రవారం జుమ్మా టైముకు ఈడ ఎవరెవరు ఉన్నరు?”

“నేనొక్కన్నే. అందరు మజీదుకు పోయిన్రు. నమాజు లేనోన్ని నేనే గద ఆపా, ప్రతి శుక్రారం నన్నే కూసుండపెడ్తరు.”

“నీ డ్యూటీ గేటు కాడ. మూడో రూముకు ఎందుకు పోయినవ్?”

లింబాద్రి చెప్పుల వంక చూసుకున్నాడు. “డబ్బాలు మంచిగున్నయో లేవో చూసొద్దామని.”

“నీ అంతట నీకే తోచిందా? ఎవరన్నా పొమ్మన్నరా?”

“మాటిచ్చిన, ఆపా. గదొక్కటి అడగకు.”

“జైలుకు పోతవ్ రా.”

“మా అవ్వకు మాత్రం చెప్పకుండ్రి. బాలవ్వ అంటరు మా అవ్వను. రేపు ఇంటికొస్తున్న అని చెప్పిన. దుబాయ్ నుంచి కొడుకు వస్తుండని ఊరంత చెప్పుకుంటది. ఇది ఖతర్ అవ్వా అంటే ఇనది.”

షమ్సున్నీసాకు నవ్వు వచ్చింది. కోరుట్లలో ఆవిడ అమ్మీ కూడా అంతే. పోయేదాకా కూతురు దుబాయ్‌లోనే ఉందనుకుంది.

తలుపు తోసుకుని బాసిత్ వచ్చాడు. హైదరాబాదీ, ఈ సైట్‌కు మేనేజరు. రెండు చేతుల్లో రెండు కరక్ చాయ్ కప్పులు. ఒకటి ఆవిడ ముందు పెట్టి, రెండోది తాగుతూ క్యాబిన్ మూలనున్న కంప్యూటర్ ముందు తీరిగ్గా కూర్చున్నాడు.

“పీలో ఆపా, చల్లారితే మజా ఉండదు. వీడు ఏమన్న చెప్పిండా?”

“తలుపు ఏసిన అంటుండు.”

“గరీబోడు. వీసా నేనే తెప్పించిన. నాకూ బాధే. గానీ కంప్యూటర్ అబద్ధం చెప్పదు కదా?”

“శుక్రవారం జుమ్మాకు మీరు ఎక్కడున్నరు, బాసిత్ భాయ్?”

“మజీదుల. జుమ్మాకు ముసల్మాను ఇంకెక్కడుంటడు ఆపా?” అని హాయిగా నవ్వాడు. లింబాద్రి మాత్రం తల ఎత్తలేదు.

కంప్యూటర్ అబద్ధం చెప్పదన్న మాట పట్టుకునే ఆవిడ నేరుగా పై అంతస్తుకు, గంగాప్రసాద్ గదికి వెళ్ళింది.

గంగాప్రసాద్ అమలాపురం మనిషి, కంపెనీ ఐటీ చీఫ్, ఆ రిపోర్టు రాసిన మహానుభావుడు. ఒకప్పుడు దోహాలోని నజ్మా పేటలో ఒక మనీ ఎక్స్ఛేంజ్ పైనున్న ఇరుకు ఆఫీసులో ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్నవాడు. అప్పట్లో సెలవు నుంచి వస్తూ ఆవిడ కోసం పూతరేకులు తెచ్చేవాడు. ఇప్పుడు కూర్చోమనడానికి కూడా ఒకసారి ఆలోచించాడు.

“రిపోర్టు ఇచ్చేశాం కదా మేడమ్. మళ్ళీ ఏం కావాలి?”

“అసలు ఫైలు కావాలె, ప్రసాద్. సెన్సార్లు రాసింది.”

“ఏమండోయ్, అది ఎంతుందో తెలుసా? నెల రోజుల్నించి అన్ని గదుల సెన్సార్లూ సెకనుకో వరస చొప్పున రాస్తున్నాయి. ఇప్పటికీ రాస్తూనే ఉన్నాయి. నలభై జీబీ దాటింది. మీ లాప్‌టాప్ మెమరీ ఎంతో?”

“నాలుగు.”

గంగాప్రసాద్ పక్కనున్న ప్రింటర్‌కు కూడా వినపడేలా నవ్వాడు. “తెరవగానే బిగుసుకుపోతుంది. నా మెషినే ఒక్క గుక్కలో మింగలేకపోయింది. ముక్కలుగా కోసి ఒక్కో ముక్కా చదివించాను. సర్వర్ మీద పని చేయడానికి బయటివాళ్ళకు పర్మిషన్ లేదు. చదువుకోవడానికైతే అదిగో కేబుల్, ఇదిగో ఫైలు. కానివ్వండి, చూద్దాం.”

“చదువుకుంటే చాలు,” అని ఆవిడ కేబుల్ లాప్‌టాప్‌కు గుచ్చింది.

ఫైలంతా మెమరీలోకి ఎత్తుకోవాలనుకునేవాడికే ఆ మెమరీ చాలదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫైలు తెరిచి ఒక్కో వరసే అందుకోవచ్చు. చదివిన వరస పనికొస్తే పక్కన చిన్న ఫైల్లో రాసుకోవడం, పనికిరాకపోతే వదిలేసి తర్వాతి దానికి పోవడం. ఏ క్షణంలో చూసినా చేతిలో ఉండేది ఒక్క వరసే కాబట్టి, ఫైలు ఎంత పెద్దదైనా లాప్‌టాప్‌కు ఆయాసం రాదు. షమ్సున్నీసాకు ఇది ఏ పుస్తకమూ నేర్పలేదు. అమ్మీ బీడీలు చుడుతుంటే చూసి నేర్చుకుంది.

అరుగు మీద ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చునేది అమ్మీ. తునికాకు బస్తా ఎంత పెద్దదైనా అది గది మూలనే ఉండేది. చాటలోకి వచ్చేది చాట పట్టినంతే. కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, కట్టలు కట్టడం. బస్తా చూసి ఎన్నడూ బెదరలేదు ఆ మనిషి. చాటలో సరుకు అయిపోయేసరికి ఒక్కోసారి కట్ట సగంలో ఉండేది. చిన్న షమ్సు దాన్ని విప్పి ఆడుకోబోతే అమ్మీ చేతి మీద ఒక్కటి వేసేది. “ఆధా కట్టా సంబాల్‌కే రఖ్ బేటీ, ఉస్సేచ్ షురూ కర్నా” అనేది. అర కట్టను జాగ్రత్త చెయ్యి, మళ్ళీ కూర్చున్నప్పుడు దానితోనే మొదలుపెట్టాలి అని. తంబాకు ఘాటుకు తుమ్ములు వచ్చేవి గానీ, ఆ అరుగు మీద గడిచిన రోజులంత సుఖమైన రోజులు షమ్సున్నీసా తర్వాత ఎరగదు. ఇప్పటికీ ఎక్కడైనా తంబాకు వాసన తగిలితే అడుగు తనంతట తానే ఆగిపోతుంది.

ఆవిడ ప్రోగ్రాం రాయడం ముగించింది. పట్టుమని పాతిక వరసలు లేవు. అన్ని గదుల తలుపులు తెరిచిన, మూసిన వరసలు, మెషిన్లకు మనుషులు ఇచ్చిన ఆజ్ఞలు, మూడో గది వేడి, ఇవి ఉంచుకోమని చెప్పి నడిపించింది.

“ఇంతేనా?” అన్నాడు గంగాప్రసాద్.

“ఇంతే. నువ్వు కోసిన ముక్కల్ల, ఒక ముక్కల తెరిచిన తలుపు ఇంకో ముక్కల మూస్తే ఏమైతది?”

“అలా ఎందుకవుతుంది?”

“అడుగుతున్న. నజ్మాల ఉన్నప్పుడైతే నువ్వే నన్ను అడిగేటోనివి.”

గంగాప్రసాద్ మొహం గంటు పెట్టుకున్నాడు. “ఆ రోజులు వేరు మేడమ్. ఇప్పుడు నేనెవరి దగ్గరా పాఠాలు చెప్పించుకోవడం లేదు. మీరు కనిపెట్టేదేదో అసర్ లోపు కనిపెట్టండి.”

ఫైలు అంతా నడవడానికి గంట పైనే పట్టేటట్టుంది. ఆవిడ ఆ గంటను ఊరికే పోనివ్వలేదు. బాసిత్ తాళాలు పట్టుకుని ముందు నడవగా మూడో గదికి వెళ్ళింది. లింబాద్రి వాళ్ళ వెనకే వచ్చి గడప బయట నిలబడ్డాడు.

కూలింగ్ మళ్ళీ మొదలైంది గానీ పాడైన డబ్బాలను ఇంకా కదపలేదు. షమ్సున్నీసా మోకాళ్ళ మీద కూర్చుని తలుపు దగ్గరి అట్టపెట్టెలను ఒక్కొక్కటే తడిమింది. పెళుసుగా, పొడిగా ఉన్నాయి. లేబుళ్ళ అంచులు ఎక్కడా లేవలేదు. లేచి గది చివరికి, కూలింగ్ యూనిట్ కిందికి వెళ్ళింది. అక్కడి పెట్టెలు నాని చీకిపోయాయి. నేల మీద ఎండిన నీటి చారలు.

“బాసిత్ భాయ్, ఈ ఉక్కపోతల తలుపు గంటలు గంటలు తెరిచుంటే తేమ యాడ నుంచి వస్తది?”

“తలుపు కాడి నుంచే, ఆపా.”

“మరి తలుపు కాడి డబ్బాలు పొడిగున్నయ్. లోపటియి నానినయ్. నీళ్ళు బయట నుంచి రాలే. పైన యూనిట్ల పేరుకున్న మంచు కరిగి కారింది. తలుపు మూసే ఉంది. యూనిట్ చల్లగ చేసుడు బంద్ చేసి వేడి చేసింది.”

బాసిత్ చిరునవ్వు చెదరలేదు. “మెషిన్ సంగతి నాకేం తెల్సు? మీ ప్రసాద్ సాబ్‌నే అడగండి.”

బయటికి వస్తూ ఆవిడ అలవాటు కొద్దీ మూడో గది తలుపు లోపలివైపు చూసింది. ఎవరైనా పొరపాటున లోపల చిక్కుకుంటే తోసుకుని రావడానికి ఎర్రటి పిడి ఒకటి ఉంది. నొక్కి చూస్తే పని చేసింది. పక్కనే రెండో గది. ఇది మాంసం గడ్డకట్టించే ఫ్రీజరు, మనిషి కాసేపు ఉంటే వేళ్ళు కొంకర్లు పోయే చలి. తెరిపించి చూసింది. లోపల పిడి ఉండాల్సిన చోట తెల్ల టేపు అడ్డంగా అంటించి ఉంది.

“ఇదేంది?”

“రిపేరుకు పోయింది ఆపా. ఈ రూమ్ వాడతలేం. యల్లా, పైకి పోదాం. మీ ఫైలు అయిపోయుంటది.”

“మీరు రావుడు అక్కర లేదు,” అందావిడ. బాసిత్ లింబాద్రి భుజం మీద చెయ్యి వేసి, సంతకాలు పెట్టాల్సిన కాగితాలు ఉన్నాయంటూ గేటు క్యాబిన్ వైపు నడిపించుకుపోయాడు. వెళ్తూ వెళ్తూ లింబాద్రి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపులో ఏదో చెప్పాలన్న తపన ఉంది. తర్వాత అడుగుదామనుకుని ఆవిడ మెట్లెక్కింది.

గంగాప్రసాద్ ఆవిడ లాప్‌టాప్ ముందే ఉన్నాడు. నవ్వడం లేదు.

“బిగుసుకుపోలేదండీ,” అన్నాడు, ఒప్పుకోక తప్పనట్టు.

నలభై జీబీలు వడపోతలో పిడికెడయ్యాయి. షమ్సున్నీసా శుక్రవారం వరసలు తెరిచింది. ఇద్దరూ కళ్ళజోళ్ళు సర్దుకుని చూశారు. జుమ్మా ఆజాన్ తర్వాత కాసేపటికి మూడో గది తలుపు తెరుచుకుంది, లింబాద్రి కార్డుతో. మరో మూడు నిమిషాలకు అదే తలుపు మూసుకుంది. ఆ తర్వాత సాయంత్రం మిగతావాళ్ళు వచ్చి తెరిచేదాకా కదల్లేదు.

“మూసుకుందా?” గంగాప్రసాద్ తన రిపోర్టు పక్కన పెట్టుకుని వరసల నంబర్లు పోల్చాడు. పోలుస్తున్నకొద్దీ అతని చెవులు ఎర్రబడ్డాయి. తలుపు తెరిచిన వరస అతను కోసిన ఒక ముక్క చివర్లో పడింది. మూసిన వరస తర్వాతి ముక్క మొదట్లో ఉంది. అతని ప్రోగ్రాం ఏ ముక్కకు ఆ ముక్కనే విడిగా చూసింది. మొదటి ముక్కలో తలుపు తెరిచే ఉండిపోయింది. రెండో ముక్కలో జత లేకుండా కనిపించిన “మూసింది” అన్న వరసను చెత్త అనుకుని పారేసింది.

“అర కట్ట పారేసినవ్, ప్రసాద్,” అంది షమ్సున్నీసా. కోపంతో అందామనుకుంది గానీ గొంతులో దిగులే వచ్చింది. “నజ్మాల ఎన్నిసార్లు చెప్పిన నీకు? ఒక ముక్క అయిపోంగనే చేతిల మిగిలిందాన్ని పక్కకు పెట్టి, తర్వాతి ముక్క దాంతోటే మొదలుపెట్టాలె అని.”

గంగాప్రసాద్ తన రిపోర్టును పక్కకు నెట్టాడు. “చెప్పారు,” అన్నాడు. “టీ కప్పు మూత మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. పెద్ద మెషిన్ వచ్చాక ఆ అవసరం లేదనుకున్నాను.”

“ఒక మనిషి జైలుకు పోతుండె.”

“తెలుసు. ఇప్పుడే రిపోర్టు వెనక్కి తీసుకుంటాను.” అతను నిజంగానే ఫోన్ అందుకున్నాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగు. ఇంకొక వరస ఉంది. తలుపు తెరుచుడుకు, మూసుడుకు నడుమ.”

ఆ వరస ఒక ఆజ్ఞ. మూడో గది యూనిట్‌కు మంచు కరిగించే హీటర్లు వెయ్యమని. మామూలుగా అది కాసేపే నడిచే పని, అందుకని అది నడుస్తున్నప్పుడు వేడి అలారం మోగదు. ఎవరో దాన్ని సాయంత్రం దాకా నడవమని పెట్టారు. ఆజ్ఞ వెళ్ళింది గేటు క్యాబిన్ కంప్యూటర్ నుంచి. ఆ సమయానికి లింబాద్రి మూడో గది లోపల ఉన్నాడు, ఒక మనిషి రెండు చోట్ల ఉండడు. ఇక ఆజ్ఞ ఇచ్చిన లాగిన్ పేరు చూసి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది గంగాప్రసాద్‌ది.

“నేను కాదండీ!” అతను కుర్చీలోంచి లేచిపోయాడు. “శుక్రవారం నేను ఇంట్లో ఉన్నాను. మా ఆవిడ ప్రమీలను అడగండి.”

“గేటు క్యాబిన్ కంప్యూటర్ల నువ్వు ఎన్నడన్న నీ పాస్‌వర్డు కొట్టినవా?”

అతను నుదురు కొట్టుకున్నాడు. “పోయిన నెల కెమెరాలు బాగుచేస్తూ... సేవ్ చేసి వదిలేశానేమో.”

ఆవిడ నమ్మాలా వద్దా అని అతని కళ్ళలోకి చూస్తుండగానే లాప్‌టాప్‌లో కొత్త వరస ఒకటి పడింది. ఫైలు చివరికి వచ్చినా ఆవిడ ప్రోగ్రాం ఆగలేదు. ఇంకా ఏమైనా వచ్చి పడుతుందేమోనని కాచుకునే ఉంది.

రెండో గది. లోపల మనిషి చిక్కుకుంటే మోగే అలారం ఆపు. లాగిన్, గంగాప్రసాద్. కంప్యూటర్, గేటు క్యాబిన్.

గంగాప్రసాద్ రెండు చేతులూ ఆవిడ కళ్ళెదుటే బల్ల మీద ఉన్నాయి.

“ఆపా,” అన్నాడతను. నజ్మా వదిలాక ఆ పిలుపు అతని నోట రావడం ఇదే మొదలు. “నేను కాదు ఆపా.”

“తెలుసు బిడ్డా,” అంటూనే ఆవిడ లింబాద్రికి ఫోన్ కలిపింది. రెండు రింగులకు ఎత్తాడు.

“లింబాద్రీ, యాడున్నవ్?”

“ఆపా! నేనే చేద్దామనుకుంటున్న. మాట తప్పినా మంచిదే, చెప్పేస్త. గియ్యి లారీల నుంచి దించిన్నాడే డబ్బాలు ఎచ్చగుండె. ఎండల నిలబెట్టిండ్రు లారీని. నేను అడిగితే, తన కొలువు పోతది, ఎవలకు చెప్పకు అన్నడు. మల్ల శుక్రారం ఫోన్ చేసి, పోయి డబ్బాలు చూసి రా అన్నడు—”

“ఎవరు? బాసిత్ సాబేనా?”

“ఆఁ. వీసా ఇచ్చిన మనిషి గదా అని మాటిచ్చిన. ఇప్పుడు గూడ రెండో రూములున్న ఒక పెట్టె తెమ్మన్నడు, ఆడికే వచ్చిన—”

తెర మీద కొత్త వరస పడింది. రెండో గది తలుపు తెరిచింది, లింబాద్రి కార్డుతో.

“లోపటికి పోకు! లింబాద్రీ, నా మాట ఇను, గడప దాటకు!”

“ఏందాపా? ఇనొస్తలేదు, ఈడ సిగ్నలు...” ఫోన్ గరగరమని ఆగిపోయింది.

వెంటనే ఇంకో వరస. రెండో గది తలుపు మూసింది.

తెరవడం, మూయడం, జత సరిగ్గా కుదిరింది. ఇంత పెద్ద ఫైల్లో రేపు ఎవరు వెతికినా వాళ్ళకు ఏ తప్పూ కనిపించదు. లోపలికి వెళ్ళిన మనిషి బయటికి వచ్చాడా లేదా అన్నది మాత్రం ఏ సెన్సారూ రాయదు. గంగాప్రసాద్ తన బల్ల సొరుగులోని తాళాల గుత్తి లాక్కుని అప్పటికే మెట్ల మీద పరుగెడుతున్నాడు. షమ్సున్నీసా మోకాళ్ళ నొప్పిని మరిచిపోయి అతని వెనకే దూకింది. రెండో గది తలుపుకు లోపలివైపు పిడి లేదు. అక్కడ టేపు అంటించి ఉండటం ఆవిడ ఇందాకే కళ్ళారా చూసి వచ్చింది.